రెండో చుక్క

మేడమ్ పోయారని సోమవారం పొద్దున ల్యాబు అటెండరు ఫోన్ చేశాడు. నేనప్పుడు పెరట్లో కాలు కడుక్కుంటున్నాను. ఫోన్ అమ్మ ఎత్తింది. విని, తెచ్చి నా చేతికిచ్చింది. "రాత్రి గుండెపోటొచ్చిందండి. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే..." అన్నాడు అటెండరు. తక్కినది నా చెవికెక్కలేదు. ఫోన్ పెట్టేశాక తడికాలితో అలాగే చాలాసేపు కూర్చుండిపోయాను. ఆవిడ చూసి ఉంటే చీవాట్లు పెట్టేవారు.

పేపర్లో నాలుగు లైన్లు వేశారు. పరాన్నజీవుల మీద, ముఖ్యంగా బోదకాలు తెచ్చే పురుగు మీద, అణుస్థాయిలో పరిశోధన చేసిన శాస్త్రవేత్త అనీ, రెండేళ్ల కిందట రిటైరయ్యారనీ రాశారు. అన్నీ నిజమే. కానీ అందులో నాకు తెలిసిన మనిషి లేరు. ఏడేళ్లు ఆవిడ దగ్గర పనిచేసినదాన్ని కాబట్టి నాకు తెలిసింది నేను రాస్తున్నాను. ముందుగా ఒక్క మనవి. ఇది చదివేవాళ్లలో మా ఊరివాళ్లుంటే, దయచేసి మా అమ్మకు చదివి వినిపించకండి. ఆమెకు చదువు రాదు. రాకపోవడమే మంచిదని నాకు మొదటిసారి అనిపించింది ఈ వారమే.

బోదకాలంటే ఏమిటో మన జిల్లాలవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. చీర కుచ్చిళ్లు నేలమీద జీరాడేలా కట్టుకున్న ఆడవాళ్లను చూసి అది ఫ్యాషన్ అనుకునేవాళ్లు ఇక్కడ ఎవరూ లేరు. నాది ఎడమకాలు. డిగ్రీ రెండో ఏడాదిలో వాచింది. కాలేజీ మానేసి పదిహేనేళ్లు ఇంట్లో కూర్చున్నాక, సామర్లకోట దగ్గర కాలవగట్టు మీదున్న మా ఊరికి వచ్చే నర్సమ్మ, కాకినాడలో మేడమ్ ల్యాబు అడ్రసు ఇచ్చింది. వైద్యం చేస్తారని వెళ్లాను. ఆవిడ మందుల డాక్టరు కారని అక్కడికి వెళ్లాకే తెలిసింది.

ఆవిడ నా పేరు అడిగారు. ఊరు అడిగారు. తర్వాత అమ్మ పేరు అడిగారు. చెప్పాక ఊరి పేరు ఇంకోసారి చెప్పించుకున్నారు. అప్పుడు బకెట్టుతో నీళ్లు తెప్పించి, నేలమీద చతికిలబడి, నా కాలు సబ్బుతో కడిగారు. అంత పెద్దావిడ నా కాలు పట్టుకోవడమేమిటని లాక్కోబోతే మడమ గట్టిగా పట్టుకున్నారు. ఒక్కొక్క వేలి సందూ మెత్తటి గుడ్డతో తుడిచి చూపించారు. "వాపు పోతుందని అబద్ధం చెప్పనమ్మా. రోజూ ఇలా చేసుకుంటే పెరగదు. వేళ్ల మధ్య తడి ఉంచావంటే మాత్రం జ్వరాలొస్తాయి" అన్నారు. వారం తిరక్కుండా, ఊళ్లు తిరిగి రక్తం నమూనాలు తెచ్చే పనిలో నన్ను పెట్టుకున్నారు. నా కాలు చూసి జాలిపడ్డారనుకున్నాను. నా బుర్రకు అంతకంటే ఏం తడుతుంది?

ఆవిడ పని గురించి నాకు అర్థమైనంత చెబుతాను. బోదకాలు పురుగు పిల్లలు మనిషి రక్తంలో పగలంతా లోపలెక్కడో దాక్కుంటాయి. రాత్రి బాగా పొద్దుపోయాకే వేలికొసల దాకా వస్తాయి. అందుకని వెనకటి రోజుల్లో జనం నిద్రపోయాక తలుపులు కొట్టి, లేపి, వేలు గుచ్చి రక్తం తీసేవారు. జనం తిట్టేవారు, కుక్కల్ని వదిలేవారు. మేడమ్ వెతికింది ఏమిటంటే, ఆ పురుగు పగలూ రాత్రీ మన రక్తంలోకి వదిలే ఒక ప్రొటీన్. అది పట్టుకుంటే పగటిపూట తీసిన ఒక్క చుక్కతో జబ్బు తెలిసిపోతుంది. ల్యాబులో దానికి పగటి చుక్క అని పేరు పెట్టుకున్నాం. పని ఎక్కువైనప్పుడు కుర్ర స్కాలర్లు, మేడమ్ మాకు పట్టపగలే చుక్కలు చూపిస్తున్నారని గొణుక్కునేవారు. ఆవిడకు వినబడేది. "మీకేంటి, నాకు పదేళ్లుగా కనబడుతున్నాయి" అనేవారు.

మనుషుల్లోంచి పురుగుల్ని తీయలేం కాబట్టి గేదెల కడుపులో ఉండే వాటి దాయాదులతో పని నడిపేవారు. వారానికి రెండుసార్లు తెల్లవారగానే కబేళాకు తానే వెళ్లేవారు. గోరువెచ్చటి ఉప్పునీళ్లు పోసిన థర్మాస్ ఫ్లాస్కులో, సేమ్యా లాంటి తెల్లటి పురుగులు. ఆ ఫ్లాస్కుకు ఎర్రదారం కట్టి ఉండేది. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దమనిషి టీ అనుకుని మూత తీశాడు. ఆ వేళ సాయంత్రం దాకా ఆవిడ నవ్వుతూనే ఉన్నారు. అంతగా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మమ్మల్ని విసిగించిన అలవాటు ఒకటుండేది. ఎవరి రక్తం తీసినా, వాళ్ల పేరు వాళ్ల నోటితోనే చెప్పించాలి. పక్కనున్నవాళ్లు చెబితే కుదరదు. నంగినంగిగా మాట్లాడే ముసలమ్మైనా, మాటలు రాని పసివాడైనా సరే. పసివాడైతే వాణ్ని ఎత్తుకుని, మొహం చూసుకుని, అప్పుడు పేరు రాయాలి. నా రక్తం ఏటా ఒకసారి తీసేవారు. ఎదురుగా ఏడేళ్లుగా చూస్తున్న మనిషినే, సూది చేతిలో పట్టుకుని, "నీ పేరు చెప్పమ్మా" అనేవారు. మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత ఒళ్లుమండేది.

ఆ పగటి చుక్క ఆవిడకు దక్కలేదు. దగ్గరికంటా వచ్చి తప్పిపోయింది. కడుపులో ఏలికపాములున్న పిల్లల రక్తానికి కూడా మా పరీక్ష అవుననేది. ఏలికపాములు లేని పిల్లలు మన ఊళ్లలో ఎంతమంది? దాన్ని సరిచేస్తుండగా ఒక తుఫానుకు నాలుగు రోజులు కరెంటు పోయి, ఫ్రీజర్లో దాచినవన్నీ కరిగి కుళ్లిపోయాయి. మళ్లీ మొదలుపెట్టారు. అంతలో ఒకనాడు పోస్టులో ఒక అట్టపెట్టె వచ్చింది. విదేశాల్లో ఎవరో తయారుచేసిన పరీక్ష కార్డులు. పగటి రక్తం ఒక చుక్క వేస్తే పది నిమిషాల్లో గీత కనబడుతుంది.

ఆవిడ ఒక కార్డు మీద తన రక్తమే వేసి చూశారు. బాగుందన్నారు. ఎవరు చేస్తేనేం, జనాన్ని లేపక్కర్లేదు కదా అన్నారు. తర్వాత స్కాలర్లందర్నీ ఇంటికి పంపేసి, కడిగిన టెస్ట్‌ట్యూబులే మళ్లీ కడుగుతూ కూర్చున్నారు. నేను వెళ్లలేదు. ఏదైనా మాట్లాడించాలని, ఇన్నాళ్లూ అడగనిది అడిగాను. పేర్ల కోసం ఈ పట్టుదల ఎందుకండీ అని.

ట్యూబు కింద పెట్టి చెప్పారు. నాకు పదేళ్ల వయసప్పుడు రక్తాలు తీయడానికి మా ఊరొచ్చిన జట్టులో ఆవిడా ఉన్నారట. కొత్తగా పనిలో చేరిన రోజులు. మా ఇంటికి వచ్చేసరికి అందరూ అలిసిపోయి ఉన్నారు. అమ్మ తన వేలు చూపించింది. పిల్లను లేపమంటే లేపలేదు. "అది నిద్దరోతందండి, లేపకండి. నా ఏల్లోంచే ఇంకో చుక్క తీసుకోండి. దాంది నా రక్తమే కదండి" అందట.

"తీసుకున్నాను. గాజుపలక మీద నీ పేరు రాసింది నేనే" అన్నారు మేడమ్. రెండింట్లోనూ ఏమీ కనబడలేదు. ఎందుకు కనబడుతుంది, రెండూ అమ్మవే. మా ఇంటికి మాత్రలు ఇవ్వలేదు. "ఆ రోజు నీ ఒంట్లో పురుగులున్నాయో లేవో నాకు తెలీదు. మాత్రలు వేస్తే ఈ కాలు వాచకుండా ఉండేదో లేదో కూడా తెలీదు. ముప్పయ్యేళ్లు చదివినా అది మాత్రం చెప్పలేను. మీ అమ్మతో ఎప్పుడూ అనకు. ఆవిడ తల్లిగా ఆ మాట అంది. తెలిసిన మనిషిని నేను."

నాకు కోపమొచ్చింది. జాలి అనుకున్నది జాలి కాదని తెలిసినందుకో, ఆ కాలు కడిగిన చేతులే ఆ పేరు రాశాయన్నందుకో. పదకొండు రోజులు ల్యాబుకు వెళ్లలేదు. పన్నెండో రోజు వెళ్లాను. ఎందుకని అడిగితే గొప్ప కారణమేమీ చెప్పలేను. రోజూ వేళ్ల సందులు తుడుచుకునేటప్పుడు ఆవిడ మాటే వినబడేది. నన్ను చూసి ఆవిడ కొత్త కార్డొకటి విప్పి, సూది తీసుకుని, "నీ పేరు చెప్పమ్మా" అన్నారు. చెప్పాను.

సోమవారం మధ్యాహ్నం అమ్మా నేనూ కాకినాడ వెళ్లి ఆవిడను చూసొచ్చాం. ముక్కులో దూది పెట్టి వరండాలో పడుకోబెట్టారు. ఆవిడ కాళ్లు అంత చిన్నవని నేనెప్పుడూ గమనించలేదు. అమ్మ ఆ కాళ్లకు దండం పెట్టి కదల్లేదు, నేనే చెయ్యి పట్టుకుని లేపాను.

ఇంటికొచ్చాక, నువ్వు కూర్చో, ఇవాళ నేను కడుగుతానని బకెట్టు తెచ్చింది అమ్మ. సబ్బు రాసింది, నీళ్లు పోసింది, గుడ్డ తీసుకుంది. తుడుస్తూ తుడుస్తూ ఆగి, మీ మేడమ్‌ని నేను నీకంటే ముందే చూశానే అంది.

"నీ చిన్నప్పుడు రక్తం తియ్యడానికొచ్చారు కదా, అందులో సన్నగా ఉండే అమ్మాయి ఆవిడే. ఇయ్యాల మొహం చూస్తే తెలిసింది. మిగతావాళ్లు నిన్ను లేపాల్సిందేనని ఒకటే గొడవ. ఆవిడొక్కత్తే నా మాటిని, నిన్ను లేపనివ్వలేదు. ఎంత మంచిదే."

నేను తల ఊపాను. అమ్మ వంగి, చిటికెనవేలి సందులో మిగిలిన తడి తుడిచింది.