స్వరూప గుండెలో నేను విన్న చప్పుడు

మొన్నమొన్నటి దాకా ఒక మాటను గొంతులో పెట్టుకొని తిరిగాను. మింగితే దిగలేదు. బయటికి చెప్తే పరువు పోతుందని భయం. మా అమ్మకు చెప్పలేదు. కట్టుకున్నవాడికి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు, అందుకే మీకు చెప్పడం కాస్త తేలిగ్గా ఉంది. నర్సింగ్ పిల్లలకు పాఠాలు చెప్పే మనిషిని, అంతవరకు తెలిస్తే చాలు. ఏటా గుండె పాఠం నాదే. రక్తం ఎటు నుంచి ఎటు పోతుందో, ఏ గది ఏ పని చేస్తుందో కళ్ళు మూసుకొని బొమ్మ గీయగలను. ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉన్న వాల్వు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోరెండిపోతుంది. మేడమ్‌కు దాహమేసిందనుకొని పిల్లలు నీళ్ళ సీసా అందిస్తారు. తాగుతాను. ఏం చేయను మరి?

మేము చదువుకునే రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌కు మెట్రో రాలేదు. కోచింగ్ సెంటర్ల బోర్డులూ, వాటి వెనక సందుల్లో లేడీస్ హాస్టళ్ళూ అప్పుడూ ఉన్నాయి. అలాంటి ఒక హాస్టల్లో, మూడో అంతస్తు గదిలో, నేనూ స్వరూపా పక్కపక్క మంచాల మీద పడుకునేవాళ్ళం. ఆమెది తుర్కయంజాల్, వ్యవసాయం ఇల్లు. మాది పోచంపల్లి దిక్కు, మగ్గం నేసే ఇల్లు. నేను హైస్కూల్లో ఉన్నప్పుడే నాన్న మగ్గం మానేసి పట్నంలో చీరల దుకాణంలో చేరాడు. మగ్గం సంగతి ఎందుకు ఎత్తానంటే, ఆ ఇంట్లో పుట్టినవాళ్ళ చెవులు వేరు. నాన్న నేస్తుంటే చప్పుడులో తేడా విని, పోగు తెగిందని అమ్మ వంటింట్లోంచే కేకేసేది. నాకూ ఆ చెవే వచ్చింది. కాబట్టి ఆ రోజు సరిగ్గా వినలేదేమో అనే సాకు నాకు లేదు. చాలా ఏళ్ళు ఆ సాకునే పట్టుకొని వేలాడాను గానీ, లేదు.

రెండో సంవత్సరంలో గుండె చప్పుళ్ళు వినే ప్రాక్టికల్ ఉండేది. తెర కట్టి, మంచం వేసి, మమ్మల్ని జంటలుగా విడగొట్టారు. ఒకరు పడుకోవాలి, ఇంకొకరు స్టెతస్కోపు గుండె కొన దగ్గర పెట్టి విని మేడమ్‌కు చెప్పాలి. మా నర్సింగ్ స్కూల్లో ఒక అలవాటు ఉండేది. ఎవరూ పెట్టింది కాదు, దానంతటదే వచ్చింది. ముందు అమ్మాయి ఏం చెప్తే వెనక అమ్మాయి అదే చెప్తుంది. పుస్తకంలో లబ్ డబ్ అని ఉంది. మొదటి అమ్మాయి లబ్ డబ్ అంది. ఇక అందరి గుండెలూ లబ్ డబ్ అనే కొట్టుకున్నాయి. సగం మందికి తమ ఊపిరి తప్ప ఏమీ వినబడలేదని తర్వాత హాస్టల్లో చెప్పుకొని నవ్వుకున్నాం.

నాకు వినబడింది. స్వరూప ఎడమ పక్కకు తిరిగి పడుకుంది. లబ్ గట్టిగా ఉంది, తలుపు దబ్బున వేసినట్టు. డబ్ తర్వాత కాసేపు ఏ చప్పుడూ ఉండకూడదు. అక్కడ ఉంది. లోతుగా ఒక గురగుర, పక్కింట్లో ఎవరో తిరగలి తిప్పుతున్నట్టు. మళ్ళీ లబ్. మళ్ళీ డబ్. మళ్ళీ గురగుర. స్టెతస్కోపు తీసి మళ్ళీ పెట్టాను. ఉంది. నా మొహం చూసి స్వరూప నవ్వింది.

"ఏమే, ఉన్నదా నాకు గుండె?"

మేడమ్ గుంటూరు వైపు ఆవిడ. "ఏమ్మా, ఏం వినబడుతోంది?" అన్నారు తెర అవతల నుంచి. అంతకు ముందు వారమే వార్డులో ఒక పేషెంటు బీపీ తప్పు చెప్పి నవ్వులపాలయ్యాను. అప్పటి నుంచి నాకు డాక్టరమ్మ అని పేరు పెట్టారు. ఇప్పుడూ ఎవరో "డాక్టరమ్మ చూస్తుంది మేడమ్" అన్నారు, కిసుక్కున నవ్వు వినబడింది. గురగుర అని చెప్తే ఏమంటారు? అది నా చెవి లోపమైతే? ఇంతమందికి లేనిది నాకే ఎందుకు వినబడాలి? ఇవన్నీ ఆలోచించడానికి పట్టినంత సేపు కూడా పట్టలేదు.

"లబ్ డబ్ మేడమ్. నార్మల్."

ఆవిడ వచ్చి వినలేదు. వెనక ఇంకా చాలామంది ఉన్నారు. స్వరూప లేచి చున్నీ సర్దుకుంది. స్కూల్లో చేరేటప్పుడు జరగాల్సిన డాక్టరు పరీక్ష కూడా ఒక సంతకంతో అయిపోయింది కాబట్టి, ఆమె గుండెను మనసు పెట్టి విన్న మొదటి మనిషిని నేనే. విని, నార్మల్ అన్నాను.

అక్కడితో ఆగి ఉంటే, పాపం భయపడ్డ పిల్ల అని మీరు వదిలేసేవాళ్ళేమో. ఆగలేదు. మూడో సంవత్సరంలో పరీక్షకు చదువుతుంటే ఆ పేజీ వచ్చింది. చిన్నప్పుడు గొంతునొప్పి, దాని వెంట కీళ్ళు వాచే జ్వరం వచ్చిన పిల్లల్లో కొందరికి లోపల వాల్వు దెబ్బతింటుందనీ, ఏళ్ళు గడిచేకొద్దీ దాని అంచులు అతుక్కుపోయి దారి సన్నబడుతుందనీ ఉంది. అప్పుడు వినబడే చప్పుడు ఎలా ఉంటుందో కూడా రాసి ఉంది. చదివి పుస్తకం మూసేశాను. చిన్నప్పుడు మోకాళ్ళు వాచి చాలా రోజులు బడికి పోలేదని స్వరూప ఎప్పుడో చెప్పింది. హాస్టల్ మెట్లెక్కుతూ రెండో అంతస్తులో ఆగి, చెప్పు సరిచేసుకుంటున్నట్టు నటించేది. "ముసలమ్మ ఒస్తుంది, జరుగుండ్రే" అని అందరూ ఆటపట్టించేవాళ్ళు. వాళ్ళతో పాటు నేనూ నవ్వేదాన్ని, తెలిసి కూడా.

చెప్పొచ్చు కదా? ఒక్కసారి డాక్టరుకు చూపించుకోవే అంటే నా సొమ్మేం పోయేది? కానీ అలా అంటే, ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. ఈ ఒక్క ప్రశ్నకు జడిసి రేపు చెప్తా, ఎల్లుండి చెప్తా అని వాయిదా వేశాను. ఈలోగా ఆమెకు మీర్‌పేట్ సంబంధం కుదిరింది. పెళ్ళి కుదిరిన పిల్లతో గుండె జబ్బు మాట ఎలా ఎత్తుతాం అని నాకు నేనే పెద్దమనిషిలా తీర్పు చెప్పుకున్నాను. అదంతా ఆమె మంచి కోసమేనని నమ్మాను కూడా. పిరికివాళ్ళకు ఇలాంటి తీర్పులు భలే తోస్తాయి.

ఏడో నెల కడుపుతో ఉన్న స్వరూపను ఒక మధ్యాహ్నం నేను పనిచేస్తున్న ఆస్పత్రికే తెచ్చారు. అప్పుడు నేను ఎల్‌బీ నగర్‌లో స్టాఫ్ నర్సుని. ఆమె పడుకోలేకపోతోంది. కూర్చొని ఊపిరి కోసం కొట్టుకుంటోంది. మూతి మీద గులాబీ రంగు నురగ. డాక్టరు చూడకముందే నాకు అర్థమైంది. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం పెరుగుతుంది. అంత రక్తం ఆ సన్నటి దారిలోంచి పోలేక వెనక్కి తన్ని, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఈ సంగతి ఇప్పుడు పిల్లలకు బోర్డు మీద బాణాలు గీసి చెప్తాను. ఆ రోజు వీపు వెనక దిండ్లు పెట్టాను, ఆక్సిజన్ పెట్టాను, డాక్టరు చెప్పిన ఇంజెక్షన్ ఇచ్చాను. చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. స్వరూప బతికింది. కడుపులో ఆడపిల్ల బతకలేదు.

ఇది చిన్నప్పటి నుంచి ఉన్న జబ్బే అని డాక్టరు బయటికి వచ్చి చెప్పాడు. ఆయన తప్పేం లేదు, ఉన్న మాటే అన్నాడు. కాసేపటికి స్వరూప అత్తగారు నన్ను వరండా చివరికి పిలిచింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది. ఆమెను నేను చెడ్డదని అనను. ఆ పూట మనవరాలిని పోగొట్టుకున్న మనిషి.

"బిడ్డా, నువ్వు దాంతోని చదువుకున్నవు. ఇద్దరు ఒక్క రూముల ఉన్నరు. నిజం చెప్పు. గీ గుండె బీమారి సంగతి దానికి ముందుగాలనే ఎర్కనా?"

నేను నేల చూశాను.

"నర్సు చదువు చదివింది. మంది గుండెలు చూస్తది. తన గుండె సంగతి తనకెర్క లేకుంటదా? దాచిపెట్టి మా పిలగానికి చేసిన్రా?"

"నాకు తెల్వదు పెద్దమ్మా."

"దానికెర్క లేదు అని అంటలేవు. నీకు తెల్వదంటున్నవు." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "సరే బిడ్డా. సమజైంది."

మౌనం అర్ధాంగీకారం అంటారు. నాది సగం కూడా కాదు, పూర్తి సాక్ష్యం అయి కూర్చుంది. స్వరూపకు తెలియదు పెద్దమ్మా అంటే అయిపోయేది. నీకెట్ల ఎర్క అని తిరిగి అడుగుతుందని భయపడ్డాను. ఆ ప్రశ్నకు జవాబు, నేను విన్నాను కాబట్టి అని చెప్పాలి. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు నా చేయి మెడలో ఉన్న స్టెతస్కోపు మీదికి పోయింది. నిజానికి ఆమె అలా అడిగేది కూడా కాదేమో. కారణం చెప్పకుండా ఒట్టేసి చెప్పినా నమ్మేదేమో. అంటే నా గుట్టు నా దగ్గరే ఉంచుకొని కూడా స్వరూపను కాపాడే దారి ఒకటి ఉంది. అదీ చేయలేదు.

తర్వాత స్వరూపకు బెలూన్ పెట్టి వాల్వు తెరిచారు. మీర్‌పేట్ గడప మాత్రం మళ్ళీ తొక్కనివ్వలేదు. పెద్దమనుషుల్లో కూర్చున్నప్పుడు, దోస్తు గూడ ఎర్కలేదని అనలేకపోయింది అని వాళ్ళత్త చెప్పిందట. దాచిపెట్టి పెళ్ళి చేశారన్న మాటే నిలిచింది. భర్త ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. స్వరూప అన్న ఇంట్లో పై గదిలో ఉంటూ పెద్ద అంబర్‌పేట్‌లో ఒక క్లినిక్‌లో పనికి పోతుంది. నాతో స్నేహం మానలేదు. నా పెళ్ళిలో అన్నీ తానై తిరిగింది. "అందరు తలో మాట అన్నరు, నువ్వొక్కదానివే నన్నేం అనలే" అనేది. అప్పుడు నేను తేలు కుట్టిన దొంగలా కూర్చునేదాన్ని.

ఈ ఏడాది మా పిల్లలకు అదే ప్రాక్టికల్ పెట్టాను. ఒక అమ్మాయి "మేడమ్, డబ్ తర్వాత ఏదో గరగరమంటుంది" అంది. నేనే పోయి విన్నాను. ఏమీ లేదు. పడుకున్న పిల్ల మెడలో గొలుసు స్టెతస్కోపుకు రాసుకుంటోంది. క్లాసంతా పడీపడీ నవ్వింది. చెప్పిన అమ్మాయి కూడా నవ్వేసి, "ఇనవడ్డది, చెప్పిన మేడమ్" అంది. తప్పుగా విని కూడా చెప్పింది. నేను సరిగ్గా విని నోరు మూసుకున్నాను. స్టాఫ్ రూమ్‌లో తలుపేసుకొని ఏడ్చాను.

ఆ ఆదివారం సాగర్ రోడ్డు బస్సెక్కి తుర్కయంజాల్ పోయాను. స్వరూప వాకిట్లో కూర్చొని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. కూర్చోకముందే మొదలుపెట్టాను, కూర్చుంటే చెప్పలేనని. ప్రాక్టికల్, గురగుర, పుస్తకంలో పేజీ, వరండాలో వాళ్ళత్త అడిగిన మాట, నేను చెప్పిన మాట. ఆమె చేతులు ఆగిపోయాయి. తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండు అనుకున్నాను.

"ఇంతమంది అంటుంటె నా మీద నాకే అనుమానమొచ్చిందే," అంది. "చిన్నప్పుడు ఏ డాక్టరన్న చెప్పిండేమో, నేనే మర్సిపోయిన్నేమో అని. మా అమ్మనడిగిన. నీకు ఎర్కుండి నాకు చెప్పకుంట దాచినవా అని. లేదు బిడ్డా అని ఏడ్సేది. నమ్మలే నేను. ఆమె సచ్చిపోయేదాక అడుగుతనే ఉన్న."

ఇది నాకు తెలియదు. నా వల్ల ఆమెకు పోయినవన్నీ నాకు తెలుసనుకున్నాను. కాపురం, బిడ్డ, పేరు. వాళ్ళమ్మ ఆ లెక్కలో లేదు. ఆ ముసలమ్మ చేతి అన్నం నేను ఎన్నిసార్లు తిన్నానో.

స్వరూప లోపలికి చూసి, "వదినా, జర ఇట్ల రా. అన్నను గూడ పిలువు" అంది. వాళ్ళు వచ్చాక నా వైపు తిరిగి, "ఇప్పుడు చెప్పింది మళ్ళ చెప్పు" అంది. చెప్పాను. మొదట చెప్పినప్పుడు ఏడ్చాను, అందులో మాట కంటే ఏడుపే ఎక్కువ. ఈసారి ఏడుపు రాలేదు. స్వరూపకు తెలియదు, నాకు తెలుసు అన్నాను. వాళ్ళన్న "మా అమ్మ" అని ఏదో అనబోయి లేచి వెళ్ళిపోయాడు. వదిన నన్ను కిందికీ మీదికీ చూసింది.

క్షమించిందా అని మీరు అడుగుతారు. నేను అడగలేదు. అడిగే మొహం నాకు లేదు. చాయ్ తాగకుండా ఎన్నడూ పంపని ఆ ఇంట్లో ఆ రోజు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. అయినా నాకు ఊపిరి తేలిగ్గా ఆడింది. ఆమె అంత బాధలో కూర్చొని ఉంటే నాకు హాయిగా ఉండడం ఏమిటని సిగ్గేసింది. హాయిగా ఉన్నమాట మాత్రం నిజం.

లేచి చెప్పులు వేసుకుంటుంటే స్వరూప లోపలికి పోయి చీర మార్చుకొని వచ్చింది. భుజానికి సంచి తగిలించుకుంది.

"మా అత్త ఇంక బతికే ఉన్నది. నడువు, మీర్‌పేట్ పోదాం."