ఎండమ్మ వదిలిన చోటు

మా పిన్ని అసలు పేరు చెప్పి నర్సరీలో అడిగితే ఎవరికీ తెలిసేది కాదు. ఎండమ్మ అంటే మాత్రం గేటు దగ్గరి వాచ్‌మన్ నుంచి ఎరువు లారీ డ్రైవరు దాకా అందరూ వేలు చూపించేవారు. మొక్క కావాలని వచ్చిన వాళ్ళని ఆమె రంగు అడగదు, ఎత్తు అడగదు. మీ వాకిట్లోకి ఎండ ఎప్పుడొస్తుంది, ఎప్పుడు పోతుంది, ఇదొక్కటే ప్రశ్న. తెలియదంటే వెళ్ళి చూసి రమ్మని పంపేసేది, కారు దిగి వచ్చిన పెద్దమనిషినైనా సరే. అమ్మాల్సిన మనిషే కొనేవాళ్ళని తరిమేస్తే ఎలాగని యజమాని నెత్తీ నోరూ కొట్టుకునేవాడు. కానీ ఆమె ఇచ్చిన మొక్క చచ్చిందని తిరిగొచ్చిన వాళ్ళు లేరు. అందుకని ముప్పై రెండేళ్ళు భరించాడు.

ఇంకో చాదస్తం కూడా ఉంది ఆమెకి. ఎవరింటికి తోట వేయడానికి వెళ్ళినా, గుంత తవ్వే ముందు ఆ ఇంట్లో మొక్కలు చూసుకోబోయే మనిషిని పిలిచి మట్టిలో కాలు పెట్టమనేది. ఆ పాదం చుట్టూ పుల్లతో గీత గీసేది. అలాంటివి మధ్యమధ్య నాలుగైదు గీసి, అక్కడ ఏమీ నాటేది కాదు. రేపు కలుపు తీయాలన్నా, వాడిన పూలు తుంచాలన్నా ఎక్కడ నిలబడతారు, మొక్కల నెత్తి మీదా అని అడిగేది. నేల మీద పాకే మొక్కలు ఏడాది తిరిగేసరికి చుట్టూ అల్లుకుని, రోజూ అడుగు పడే ఆ కాస్త చోటునీ వదిలేసేవి. వాళ్ళ వాళ్ళ పాదాలకి సరిపడా ఖాళీలు మిగిలేవి.

నా సంగతికొస్తే నేను కర్టెన్లూ స్కూలు యూనిఫారాలూ కుట్టేదాన్ని. గుడ్డ ఇస్తే ఏదైనా చేస్తాను, మొక్క ఇస్తే చంపేస్తాను. ఒకదాన్ని నీళ్ళు పోయక, ఇంకోదాన్ని ఆ పశ్చాత్తాపంతో అతిగా పోసి. మొక్కల మనిషి పెంచిన పిల్లవి ఇలా తయారయ్యావేమిటే అని మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ పోయింది. పిన్ని నన్ను వేలు పట్టుకుని తన గదికి తీసుకొచ్చింది. ప్రింటింగ్ ప్రెస్సు పైన, రెండో అంతస్తులో ఒకే ఒక్క గది. కింద మెషీను తిరిగినంతసేపూ అలమరలో స్టీలు గ్లాసులు గలగలమనేవి. ఆ చప్పుడులోనే చదువుకున్నాను, నిద్రపోయాను, పెద్దదాన్నయ్యాను. ఆమె పెళ్ళి చేసుకోలేదు. నాకు చేసింది.

రెండేళ్ళ కిందట నర్సరీ స్థలం అమ్ముడుపోయింది. పిన్నికి అప్పటికే అరవై ఆరు. మోకాళ్ళు అరిగిపోయాయి. గదికి ఇరవై ఎనిమిది మెట్లు. ఆ వానాకాలంలో పదకొండో మెట్టు మీద జారి పడి, ఎవరికీ చెప్పకుండా చేతికి తనే కట్టు కట్టుకుని, నేను చూసేదాకా వారం రోజులు చీర కొంగులో దాచుకుంది. ఇంకోసారి పడితే చూసేదెవరు? అప్పుడే మేము ఊరి చివర ఇల్లు కొనుక్కున్నాం. మెట్లు రెండే రెండు. మా ఇంటికి వచ్చెయ్యి పిన్నీ అని అడిగాను. బతిమాలాను. కోప్పడ్డాను. ఏడ్చాను కూడా, సిగ్గేముంది.

ఆమెది ఒకటే మాట. ఒకరింట్లో ఉండను.

దానికో కథ ఉందని తెలుసు. నర్సరీలో చేరకముందు ఆమె తన అన్న, అంటే మా మావయ్య ఇంట్లో ఏడేళ్ళు ఉంది. ఒకరోజు చేతిసంచీతో బయటికొచ్చేసింది. ఎందుకంటే చెప్పేది కాదు. అడిగితే చాలు, కుండీలు సర్దడం మొదలుపెట్టేది.

సరే, మంచిమాటకి లొంగని మనిషిని ఉపాయంతో పట్టాలనుకున్నాను. మా కొత్త ఇంటి ముందు పెళ్ళిపందిరంత జాగా ఉంది. చెట్టు నీడ లేదు, పొద్దున్నించి సాయంత్రం దాకా ఎండ మాడ్చేస్తుంది. నాకు తోట వేసిపెట్టు పిన్నీ అన్నాను. లోపల నా లెక్క వేరే. రోజూ కన్నేసి ఉంచాల్సిన మొక్కలు, తలనొప్పి తెప్పించే మొక్కలు పెట్టించుకుంటే, వాటిని నా చేతుల్లో వదలలేక ఆమే వచ్చి కూర్చుంటుంది కదా. పక్కవీధి నర్సరీ అబ్బాయిని అడిగి, అన్నిటికన్నా గారాబం కోరే మొక్కలేవో ఒక కాగితం నిండా రాసుకున్నాను. నీలం హైడ్రాంజియా, ఫెర్నులు, బిగోనియాలు, ఏవో ఖరీదైన గులాబీలు.

పిన్ని ఆ కాగితం చదివి, మడిచి, కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుంది. మధ్యాహ్నానికల్లా ఇవన్నీ వడియాలైపోతాయి, ఎండలో పెట్టి చంపడానికి కొంటావా అంది.

తర్వాత పని మొదలుపెట్టింది. పని అంటే కూర్చోవడం. నర్సరీ నుంచి తెచ్చుకున్న ముక్కాలిపీట వేసుకుని ఆరు రోజులు మా వాకిట్లో కూర్చుంది. గంటకోసారి నీడ అంచు ఎక్కడుందో చూసి అక్కడ ఒక పెంకుముక్క పెట్టేది. ఆరో రోజుకి వాకిలంతా పెంకులే. పెంకుల తోట బాగుంది పిన్నీ, నీళ్ళు పోయనా అన్నాను. నవ్వలేదు.

ఏడో రోజు మొక్కలొచ్చాయి. వెనకవైపు, గోడ వెంబడి ఎత్తుగా ఎదిగే మెట్టతామర. దాని ముందు సాల్వియా, గైలార్డియా, బిళ్ళగన్నేరు. ఇవి ఒకసారి కుదురుకుంటే ఏళ్ళ తరబడి ఉంటాయని, గైలార్డియా ఎండ పెరిగేకొద్దీ పూస్తుందని చెప్పింది. అంచుల్లో వాన లిల్లీ దుంపలు. నేల కప్పడానికి పాకే లాంటానా, గడ్డి గులాబీ. పక్కింటావిడ వాళ్ళ పెరట్లోని పసుపుపూల తీగ ఒకటి ఇస్తానంది. పిన్ని చేతులు జోడించి వద్దంది. అది చుట్టంలా వచ్చి ఇల్లు రాయించుకునే రకమట.

ఒక్కటి కూడా గారాబం మొక్క లేదు. అన్నీ మొండిఘటాలే. నీళ్ళు మరిచిపోయినా బతికేవి, మరిచిపోయానని గుర్తొచ్చేలోపు పూసేవి. నా ఉపాయం బూడిదలో పోసిన పన్నీరైంది.

నా కాలు మట్టిలో పెట్టమంది. పెట్టాను. పుల్లతో గీత గీస్తూంటే నాకు దుఃఖం ముంచుకొచ్చింది. నా పాదాలకే చోటు వదులుతోంది, తన పాదాలకి కాదు. తను రాదన్నమాట.

"ఇవన్నీ ఎందుకు పెడుతున్నావో నాకు తెలుసు పిన్నీ."

"ఎందుకూ?"

"నువ్వు రాకపోయినా బతకాలని."

పుల్ల పక్కన పెట్టింది. అవునే, నేను చెయ్యి పెట్టకపోయినా బతకాలనే పెడుతున్నాను అంది. అంత నిబ్బరంగా ఒప్పుకుంటే ఇంకేం పోట్లాడతాం? నేను లోపలికెళ్ళి కుట్టుమెషీను ముందు కూర్చుని, ఎవరివో కర్టెన్లు వంకరగా కుట్టి, మళ్ళీ విప్పుకున్నాను.

నాటాక చూస్తే వాకిలి బోడిగా ఉంది. మొక్కకీ మొక్కకీ మధ్య జానెడున్నర ఖాళీ. కాస్త దగ్గరగా పెడితే నీ సొమ్మేం పోయిందని సణిగాను. ఆగమంది. పోయేముందు పెంకులన్నీ ఏరి సంచీలో వేసుకుంది, మెట్ల పక్కన గోడ వారగా ఒక్కటి మాత్రం మట్టిలో నొక్కి వదిలేసింది. మరిచిపోయిందనుకున్నాను.

ఆ తర్వాత వారానికి రెండుసార్లు, మంగళవారం, శనివారం, నేను నా కుట్టు కొట్లో ఉన్నప్పుడు వచ్చి చూసిపోయేది. నేను మాత్రం అలిగి, ఆమె గదికి వెళ్ళడం తగ్గించాను. మా ఆయన రెండు వైపులా క్యారియర్లు మోసేవాడు.

తోట నా అలకని పట్టించుకోలేదు. మూడు నెలలకి గడ్డి గులాబీ ఖాళీలు వెతుక్కుంటూ పాకింది. ఎండలు ముదిరేసరికి గైలార్డియా విరగబూసింది. నేను వారానికి రెండు బిందెలు పోస్తే గొప్ప. నా చేతిలో మొక్కలు బతకడం నా జీవితంలో అదే మొదలు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తుంటే, నా గొప్పేనన్నట్టు గుమ్మంలో నిలబడేదాన్ని.

ఏడాది కావస్తున్నా ఒక్కచోట మాత్రం నేల కప్పడం లేదు. మెట్ల పక్కన, ఆ పెంకుముక్క ఉన్న చోట. చేటంత మేర బోడిగా. మట్టి మంచిది కాదేమోనని గడ్డి గులాబీ కొమ్మలు నాలుగు తుంచి గుచ్చాను. రెండు రోజుల్లో మాయం. మళ్ళీ గుచ్చాను. మళ్ళీ మాయం. పక్కింటావిడ పిల్లి మీద నా అనుమానం. వెళ్ళి అడిగేశాను. ఆవిడ నన్ను గేటు దగ్గరికి తీసుకొచ్చి, అక్కడ వరసగా నాటి, నీళ్ళు పోసి ఉన్న ఎనిమిది కొమ్మలు చూపించింది. మా పిల్లికి ఇంత పనితనముంటే నేనెందుకు ఊడుస్తాను నా ఇల్లు అంది. నా తల తీసేసినట్టయింది.

మరో నాలుగు గుచ్చి, ఆ శనివారం కొట్టు తొందరగా మూసి, నాలుగింటికే వచ్చేశాను. పిన్ని ఉంది. మోకాళ్ళు పట్టుకుని వంగి, నేను మూడోసారి గుచ్చిన కొమ్మలు పీకుతోంది. తను వేసిన తోట నేనే పాడుచేస్తున్నట్టు నా వైపు విసుగ్గా చూసింది.

"ఎన్నిసార్లు పీకాలే? ఇది నేను వదిలిన చోటు."

"ఎవరికి? నా కాళ్ళు అక్కడున్నాయిగా, ఐదుచోట్ల."

"ఇది కాళ్ళకి కాదు. పీటకి."

గోడ నీడ అప్పుడే ఆ పెంకుముక్క దాకా వచ్చి ఆగింది. వాకిలి మొత్తం మీద మొట్టమొదట నీడ పడే చోటు అదే. ఆరు రోజులు ఎండలో కూర్చుని ఆమె వెతికింది మొక్కల కోసం మాత్రమే కాదు. మెట్టు మీద కూలబడ్డాను.

అప్పుడు చెప్పింది, ముప్పై నాలుగేళ్ళు దాచుకున్న మాట. మావయ్య ఇంట్లో వంట ఆమెదే, గిన్నెలు తోమడం ఆమెదే, పిల్లలకి స్నానాలు చేయించడం ఆమెదే. ఎవరూ బలవంతం చేయలేదు. చేతులు ఆడుతున్నంతసేపూ ఆ ఇంట్లో తన చోటు తనదనుకుంది. ఒకసారి పది రోజులు జ్వరమొచ్చింది. అత్తయ్య గుమ్మంలోకి వచ్చి, మంచంవైపు రాకుండానే, ఎప్పటికి లేస్తావని అడిగింది. అంతే. తిట్టలేదు, కొట్టలేదు. ఆ ఒక్క మాటకి లేచి, జ్వరంతోనే సంచీ సర్దుకుంది.

"నువ్వు ఆ కాగితం తెచ్చినప్పుడు నాకు అర్థమైందే. మొక్కల్ని చూసుకోవడానికి రమ్మంటున్నావని. పనికోసం ఇంకో ఇంటికి నేను రాలేను. నేనేమీ చెయ్యకపోయినా నడిచే వాకిలి వేస్తే, అది ఏడాది నిలబడితే, అప్పుడు వద్దామనుకున్నా. నిలబడింది."

నేను రమ్మన్నది నిన్ను పిన్నీ, పని మనిషిని కాదు అని అరవాలనిపించింది. కానీ కాగితం రాసింది నేనే. నా ప్రేమంతా ఒక ఉపాయంలో చుట్టి, ఆమె ఏ మాటకి పారిపోయి వచ్చిందో అదే మాట ముందు పెట్టాను. తెలియక పెట్టాననుకోండి. ఏడ్చాను. ఆమె నా తల మీద మట్టి చేయి వేసి, జుట్టంతా పాడుచేసింది.

మర్నాడు మా ఆయనా నేనూ ఆ ఇరవై ఎనిమిది మెట్లెక్కి ఆమె ట్రంకు పెట్టె, స్టీలు గ్లాసులు దింపుకొచ్చాం. ఆదివారం కదా, కింద మెషీను ఆగి ఉంది, గ్లాసులు చప్పుడు చేయలేదు. ముక్కాలిపీట మాత్రం ఆమే చంకలో పెట్టుకుంది, ఎవరికీ ఇవ్వలేదు.

సాయంత్రం నాలుగింటికి పీట ఆ చోట్లో వేసింది. అతికినట్టు సరిపోయింది. కాళ్ళు చాపుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లాంటానా మధ్యలో ఒక గరికపరక తల ఎత్తి ఉంది, ఆమె పాదానికి బెత్తెడు దూరంలో. ఆమె దాన్ని చూడటం నేను చూశాను. ముప్పై రెండేళ్ళ అలవాటు, చేయి ఒళ్ళోంచి కాస్త లేచింది. మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. వీధివైపు చూస్తూ ఉండిపోయింది.

నేను వెళ్ళి, నా పాదాలకి వదిలిన చోట నిలబడి, వంగి ఆ గడ్డి పీకేశాను.