సంచి ఉంచుకున్న శాంతి

మిరపకాయల తొడిమలు తీసే మా ముఠాలో, పెళ్లయిన ఆడది గర్భసంచితో తిరిగితే మాకు చిన్నతనంగా ఉంటుంది. నడుం నొప్పికొకరం, తెల్లబట్టకొకరం, పక్కింటామె తీయించుకుందని ఇంకొకరం, అందరం తీయించేసుకున్నాం. మధ్యాహ్నం అన్నాలయ్యాక కుట్లు పోల్చుకునేటప్పుడు శాంతి ఒక్కతే తల వంచుకుని కూర్చునేది.

అలాగని దానికి రోగం లేదా అంటే, మాకందరికీ పంచగలిగినంత ఉంది. సంచిలో గడ్డలు. నెలనెలా రక్తం పోయి పోయి మొహం పత్తిలా తెల్లబడింది.

"తీయించెయ్యవే, పీడా పోద్ది" అన్నాం.

"నాకు బిడ్డ కావాలక్కా" అని ఏడ్చింది.

గుంటూరులో డాక్టరు రాగసుధ గడ్డలు మాత్రమే తీస్తానంది. "ముందు ఒంట్లో రక్తం పెరగాలి. నెలసరి ఆగడానికి ఇంజక్షన్ ఇస్తాను, గడ్డలూ కాస్త తగ్గుతాయి. ఆపరేషన్లో రక్తం ఆగకపోతే మాత్రం సంచి తీసెయ్యక తప్పదమ్మా" అని చెప్పింది.

ఇంజక్షన్ పనిచేసింది, బహిష్టు ఆగింది. అత్త రెబ్కమ్మ కోడల్ని ఒక్క మాట అడగలేదు. ఆదివారం చర్చిలో లేచి, దేవుడు కోడలి కడుపు పండించాడని సాక్ష్యం చెప్పేసి, లడ్డూలు పంచింది. మేమూ తిన్నాం, రెండేసి. నిజం తెలిశాక ఆవిడ కోపం దేవుడి మీదికి పోలేదు, డాక్టరు మీదికి పోయింది. "కడుపొచ్చే పిల్లకి సూదేసి ఆపేసింది!" అని వీధంతా తిరిగింది.

ఆపరేషన్ రోజు మేమంతా ఆస్పత్రి వరండాలో కూర్చున్నాం. లోపల డాక్టరు, సంచికి రక్తం వచ్చే దారిని రబ్బరు గొట్టంతో బిగించి కట్టి, గడ్డలు ఒలిచి, కుట్లేసి, కట్టు విప్పిందట. ఎందుకైనా మంచిదని తెచ్చిపెట్టిన రక్తం వాడనే లేదట. నర్సు గడ్డలున్న పళ్లెం తెచ్చి చూపించింది.

రెబ్కమ్మ తొంగి చూసి, "సంచేదమ్మా?" అంది.

"లోపలే ఉందండి."

"పొట్ట కోసి కూడా తియ్యలేదా! ఇదేం డాక్టరమ్మా!"

మేమూ తలలూపాం.

కోలుకుని పనికొచ్చిన రోజున శాంతి కుట్టు చూపించింది. అచ్చం మా కుట్టులాగే ఉంది. మాలో అందరికన్నా చిన్నది, పిల్లలు లేని లక్ష్మీదుర్గ ఆ కుట్టు వంక చాలాసేపు చూసింది.

"గడ్డలే నాక్కూడా. కట్టి ఆపి, సంచి ఉంచొచ్చంటగా? నాకెవరూ చెప్పలేదేంటక్కా?"

నాకు ఒళ్లు మండిపోయింది, ఎవరి మీదో తెలియలేదు. ఆ పూట మేస్త్రి కేకెయ్యకుండానే అందరం పనిలోకి లేచాం.