దిబ్బరొట్టె పరుగు

ఆ రోజుల్లో ఉద్యోగం దొరకడమే గొప్ప. దొరికాక అందులో ఏమేం చేయాల్సి ఉంటుందో ముందుగా అడిగే అలవాటు ఎవరికీ ఉండేది కాదు. విశాఖపట్నంలో, పోర్టుకు దగ్గర్లో ఉన్న ఒక కతోలిక ప్రైమరీ స్కూల్లో మూడో తరగతి 'బి' సెక్షనుకు నన్ను టీచరుగా తీసుకున్నప్పుడు లెక్కలు వచ్చా, పాటలు వచ్చా అని అడిగారే తప్ప, అట్టు పట్టుకుని పరుగెత్తడం వచ్చా అని అడగలేదు. అడిగి ఉంటే మర్యాదగా మళ్లీ అమలాపురం బస్సెక్కేసేదాన్ని. పోర్టులో పనిచేసే అన్నయ్య ఇంట్లో, గాజువాకలో ఉండేదాన్ని. గట్టిగా గాలి వీస్తే పడిపోయేంత సన్నగా ఉండేదాన్ని (ఇప్పుడు నన్ను చూస్తున్నవాళ్లు ఈ వాక్యం నమ్మరు, అయినా రాస్తున్నాను).

మా హెడ్‌మిస్ట్రెస్‌ను అందరం పెద్ద మదర్ అనేవాళ్లం. ఏ సముద్రాలో దాటి వచ్చిన ముసలావిడ. తెలుగు పుస్తకాల్లోంచి నేర్చుకున్నారు కాబట్టి మాకంటే స్వచ్ఛంగా మాట్లాడేవారు. విభూది బుధవారంతో తపస్సు కాలం మొదలవుతుంది, ఆపైన నలభై రోజులు ఉపవాసాలు. అందుకని ముందురోజు మంగళవారం ఇంట్లో ఉన్న గుడ్లూ వెన్నా ఖర్చు చేసేయడానికి వాళ్ల దేశంలో గుడ్ల అట్లు పోసుకుని, పెనంతో పరుగెడుతూ ఎగరేసి పట్టుకుంటారట. ఆ ముచ్చట మా స్కూలుకూ అంటించారావిడ. టీచర్లు పరుగెత్తాలి, పిల్లలు అరవాలి. గెలిచిన టీచరు క్లాసుకు దక్కేది మాత్రం మామూలు బహుమతి కాదు. కిందటేడు మట్టల ఆదివారం నాడు గుళ్లో దీవించి ఇస్తే ఇళ్లకు పట్టుకెళ్లిన ఈత మట్టలన్నీ ఆ సాయంత్రం తెచ్చి పోగేసి కాలుస్తారు, ఆ బూడిదే మర్నాడు అందరి నుదుటా పెడతారు. ఆ మంటకు అగ్గిపుల్ల గీసే హక్కు గెలిచిన క్లాసుది. ఇంట్లో అగ్గిపెట్టె ముట్టుకుంటే వీపు విమానం మోత మోగే వయసు పిల్లలకు అంతకంటే ఏం కావాలి?

ఏటా ఆ హక్కు మా పక్కనే ఉన్న మూడో తరగతి 'ఎ' సెక్షనుదే. వాళ్ల టీచరు పొడుగు మిస్, రైల్వే కాలనీ ఆంగ్లో ఇండియన్ ఇంటి పిల్ల. ఆ అట్లు ఉయ్యాల్లోనే తిన్నది, పైగా కాళ్లు తాటిచెట్లు. నాకీ సంగతులేవీ తెలియని రోజున మా క్లాసులో 'రేడియో' అని పేరుపడ్డ పిల్ల లేచి నిలబడింది. "టీచర్, మనకెప్పుడూ అగ్గిపెట్టి ఇవ్వరేటండి? మా అక్క ఇదే క్లాసులో సదివిందండి, దానికీ ఇవ్వనేదండి" అంది. క్లాసు క్లాసంతా నా మొహం చూసింది. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "ఈసారి మంట మనమే వెలిగిస్తాం" అనేశాను. దేంట్లో గెలవాలో ఆ తర్వాతే స్టాఫ్ రూములో కనుక్కున్నాను. నేనా, గుడ్డు వాసన పడని దాన్ని. మాట ఇచ్చింది పిల్లలకి, పెద్దవాళ్లకైతే ఎలాగోలా తప్పించుకోవచ్చు.

ఇంటికొచ్చి దోసెలతో సాధన మొదలెట్టాను. మొదటిది పెనాన్ని వదల్లేదు. రెండోది వదిలింది గానీ సగమే. మూడోది గోడకు అంటుకుంది. గోడ అవతలి వాటాలోంచి ఇల్లుగలావిడ వచ్చింది.

"ఏటమ్మా సేత్తన్నావ్? గోడకి సున్నమేత్తన్నావా?"

"కాదండి, స్కూల్లో పోటీ. అట్టు ఎగరేస్తూ పరుగెత్తాలి."

"సదువు సెప్పడానికి ఎల్తన్నావనుకున్నాను తల్లీ" అని ఆవిడ మా వదిన వైపు జాలిగా చూసి వెళ్లిపోయింది.

"అట్లతద్దికి ఎన్ని తినగలదో పోటీ పెడితే మా ఆడపడుచు కప్పు తెచ్చేదండీ" అని వదిన ఆవిడ వెనకాల కేకేసింది. పిండి ఖర్చయిపోతోందని విసుక్కుంటూ, మిగిలిన పిండిలో రవ్వ కలిపి ఇనప మూకుట్లో దిబ్బరొట్టె వేసింది. అడుగు మాడుతోంది, అట్లకాడ వెతికే తీరిక లేదు. మూకుడు రెండు చెవులూ గుడ్డతో పట్టుకుని ఒక్క ఊపు ఊపింది. రొట్టె లేచి, తిరగబడి, దభీమని మళ్లీ మూకుట్లోనే పడింది.

నేను వదిన కాళ్లకు దండం పెట్టినంత పని చేశాను.

మంగళవారం ఆ మూకుడు చంకన పెట్టుకుని సిటీబస్సెక్కాను. "బావా, ఆపు! మూకుడు ఎక్కుతోంది" అని కండక్టరు డ్రైవరుకు చెప్పి, "దీనికీ టికెట్ తీసుకోవాలమ్మా, సీటు ఆక్రమించింది" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేను నవ్వలేదు, యుద్ధానికి వెళ్లేవాళ్లు నవ్వరు.

మధ్యాహ్నం స్కూలు వెనక పొయ్యిల మీద అందరి అట్లూ తయారయ్యాయి. గేటు దగ్గర మొదలుపెట్టి, మరియమాత విగ్రహం పెట్టిన గుహ చుట్టూ తిరిగి, వరండా చేరాలి. మొదట ఒకసారి, గుహ దగ్గర ఒకసారి, చివర్లో ఒకసారి ఎగరేయాలి. కింద పడితే ఆట ముగిసినట్టే. పొడుగు మిస్ చేతిలో పిడి ఉన్న ముద్దొచ్చే పెనం, అందులో రుమాలంత పల్చటి అట్టు. నా మూకుడు చూసి 'ఎ' సెక్షను పిల్లలు "టీచర్ వంటకి వచ్చింది!" అని అరిచారు. పెద్ద మదర్ ఈల ఊదారు.

గుహ దగ్గరకు వచ్చేసరికి మిగిలిన టీచర్ల అట్లన్నీ మట్టికరిచాయి. పొడుగు మిస్ నాకంటే చాలా ముందుంది. ఠీవిగా ఆగి అట్టు ఎగరేసింది. సరిగ్గా అప్పుడే సముద్రపు గాలి ఒక విసురు విసిరింది. ఆ పల్చటి అట్టు గాలిపటంలా పక్కకు జరిగి పైకి లేచింది. హార్బరు చేపల మీద బతికే గద్దలు మా స్కూలు మీద ఎప్పుడూ తిరుగుతూనే ఉండేవి. వాటిలో ఒకటి దిగి అట్టును తన్నుకుపోయింది. గద్ద తన్నుకుపోవడమంటే ఏమిటో పిల్లలకు ఆ తర్వాత ఏ టీచరూ వివరించక్కర్లేకపోయింది.

నేను వదినను తలచుకుని ఊపాను. ఆ గాలి నా దిబ్బరొట్టెను ఏం చేయగలదు? లేచింది, తిరగబడింది, దభీమంది. వరండా దగ్గర ఇంకో దభీ. మా క్లాసు వేసిన కేకలకు పోర్టులో ఓడ సైరను కూడా వినిపించలేదని ఇప్పటికీ చెప్పుకుంటాను (ఓడ ఉందో లేదో నాకు తెలియదు).

"మదర్, దాంట్లో ఎగ్ లేదు! అది పాన్‌కేక్ ఎలా అవుతుంది?" అంది పొడుగు మిస్, ఆయాసపడుతూ. మాట న్యాయమైనదే. పెద్ద మదర్ గంభీరంగా ఒక ముక్క తుంచి నోట్లో వేసుకున్నారు. కళ్లు మూసుకున్నారు. ఇంకో ముక్క తుంచారు. ఆ తర్వాత ఇంకోటి.

"మదర్, తీర్పు?" అన్నాన్నేను.

"తొందరపడవలదు. రేపటి నుండి ఉపవాసము గదా, నేడే పూర్తిగా విచారించవలెను" అన్నారు. పూర్తిగా విచారించాక మూకుట్లో మాడు తప్ప ఏమీ మిగల్లేదు. "ఈ దేశములో అట్టు అనగా ఇదియే. 'బి' సెక్షను గెలిచినది!"

పొడుగు మిస్సే ముందుగా చప్పట్లు కొట్టి, ఆ మాడు తను గీక్కుని తింది. ఆ సాయంత్రం రేడియో అగ్గిపుల్ల గీసింది. ఎండిన మట్టలు భగ్గుమన్నాయి. మాట నిలబెట్టుకున్నందుకు నాకు ఏడుపొచ్చింది. పొగ వల్ల అని చెప్పాను.

మర్నాడు పూజ అయ్యాక పిల్లలు నుదుట బూడిద సిలువలతో బిలబిలా వచ్చారు. మట్టివాడవని గుర్తుంచుకో అని ఫాదరు పెట్టిన బూడిద అది. మావాళ్లు దాన్ని మెడలో పతకంలా చూపించుకుంటూ తిరిగారు. రేడియో 'ఎ' సెక్షను గుమ్మంలో నిలబడి, "మీకెట్టింది కూడా మా బూడిదే! నాను గీసిన పుల్లే!" అని చాటింపు వేసింది.

"అమ్మాయీ, అది గర్వము అణచుకొనుటకు!" అన్నారు పెద్ద మదర్.

"అణిసేసుకున్నామండి మదర్. అణిసినా పైకి వచ్చేత్తందండి."

పెద్ద మదర్ మొహం గోడవైపు తిప్పుకున్నారు. భుజాలు మాత్రం చాలాసేపు కదులుతూనే ఉన్నాయి.

ఇప్పుడు వదిన లేదు. ఆమె మూకుడు నా దగ్గరే ఉంది. తపస్సు కాలానికి ముందు మంగళవారం ఎప్పుడొస్తుందో పక్కింటి కతోలికుల్ని అడిగి తెలుసుకుని, ఏటా దిబ్బరొట్టె వేస్తాను. డాక్టరు వద్దన్న నూనె కాస్త పోసి, ఇంట్లో ఎవరూ చూడనప్పుడు ఒక్క ఊపు ఊపుతాను. మూకుడే బరువెక్కిందో, చేతులే తేలికయ్యాయో, ఈ మధ్య రొట్టె జానెడు కూడా లేవడం లేదు. అయినా అది దభీమని తిరిగి మూకుట్లో పడగానే, నా వంటింట్లో ఒక క్లాసు క్లాసంతా కేకలు పెడుతుంది.