కరక్కాయ గుడ్డ మీద మచ్చ

యాభైల చివర్లో, నేను బందరులో బి.ఎ. చదివే రోజుల్లో, మా మేనత్త కొడుకూ నేనూ గుడివాడలో పిన్ని ఇంటికి సైకిళ్ల మీద బయలుదేరాం. రోడ్డున కాదు, రైలు కట్ట పక్కన కాలిబాటన. ఒక పక్క పట్టాలు, ఇంకో పక్క కాలువ, దాని అవతల కనుచూపు మేర వరి. పొద్దుటి మంచులో ఆ దారి చాలా బాగుండేది. ఎవరికైనా చెప్పబోతే మాత్రం పెడన దగ్గర నా మాట ఆగిపోతుంది.

పెడన అద్దకంవాళ్లు కరక్కాయ నీళ్లలో ముంచిన గుడ్డల్ని ఆ కట్ట మీది గడ్డిలో ఆరేసేవారు. తడి గుడ్డకి తుప్పు తగిలితే నల్లమచ్చ పడుతుంది, ఎంత ఉతికినా పోదు. అందుకని అక్కడ ఎవరైనా సైకిలు దిగి, ఎడంగా నడిపించుకుపోయేవారు.

"దిగరా," అన్నాడు బావ వెనకనుంచి.

"నువ్వు దిగు బావా. నాకు తొక్కడం వచ్చు."

చక్రం గడ్డిలో జారింది. సైకిలుతో సహా గుడ్డల మీద పడ్డాను. తుప్పు పట్టిన మడ్‌గార్డు కింద పసుపురంగు గుడ్డ అప్పుడే నల్లబడుతోంది. "ఏమైందక్కడ?" అంటూ కట్ట కిందినుంచి ఎవరో ఆడమనిషి ఎక్కి వస్తోంది. ఆవిడ తల కనిపించేలోగా నేను సైకిలెక్కి తొక్కేశాను.

కవుతరం స్టేషన్లో బల్ల మీద కూర్చున్నాను. వెనక్కి వెళ్దామని లేచాను, మళ్లీ కూర్చున్నాను. భయమేసిందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. భయం కాదు. గుడ్డలు ఉతికే ఆవిడ చేత చీవాట్లు తినడం నా చదువుకి తగదనుకున్నాను.

ఎండెక్కాక బావ వచ్చాడు. పంచె మోకాళ్ల దాకా తడిసి ఉంది.

"ఏమంది?"

"కళ్లు నెత్తి మీద పెట్టుకున్నావా నాయనా, అంది. పడింది నేనే అనుకుంది."

"నువ్వు కాదని చెప్పలేదా?"

"అదిగో ఆ పారిపోయేవాడు మా మావయ్య కొడుకండీ అని చెప్పనా? నాకు సిగ్గుండదూ?" అని నవ్వాడు. "మట్టంటిన గుడ్డలు జాడించి ఇచ్చాను. ఆ మచ్చ గుడ్డ మాత్రం ఇక పనికిరాదుట. తిరిగి వచ్చేటప్పుడు నువ్వే దిగి చెప్పు."

"అలాగే," అన్నాను.

తిరుగు ప్రయాణం నాడు పిక్కలు పట్టేశాయని చెప్పి, సైకిలు పిన్ని ఇంట్లో వదిలేసి రైలెక్కాను. బావ నమ్మాడో లేదో తెలియదు. తెల్లవారకముందే సైకిలు మీద వెళ్లిపోయాడు.

పెడన దగ్గర కిటికీలోంచి కనిపించాడు. గుడ్డలకు ఎడంగా సైకిలు నడిపించుకుంటూ వెళ్తున్నాడు. కట్ట మీద ఒకావిడ ఏదో అంటుంటే ఇద్దరూ నవ్వుకుంటున్నారు. రైలు చప్పుడుకి బావ ఇటు తిరిగి, నేను ఏ పెట్టెలో ఉన్నానో తెలియక, అన్ని పెట్టెలకీ చెయ్యి ఊపాడు.

నేను కిటికీలోంచి తల లోపలికి తీసుకున్నాను.