బొమ్మకారు మీద ఘాట్ రోడ్డు పరీక్ష

జీపు నడపడం నేర్చుకోవాలని నాకెందుకు అనిపించిందో ఆ రోజుల్లో డైరీకి తప్ప ఎవరికీ చెప్పలేదు. నాన్నది సర్వీసు జీపు. అరకు నుంచి అనంతగిరి దాకా సంతకెళ్లేవాళ్లనీ, ఆఫీసు పనుల మీద తిరిగేవాళ్లనీ ఎక్కించుకునేవాడు. ఎనిమిది మంది పట్టే బండిలో పద్దెనిమిది మంది కూర్చుని, ఒకరి మొహంలోకి ఒకరు చూసుకుంటూ, ఒకరి సంగతులు ఒకరు ఆరా తీసుకుంటూ ప్రయాణం చేసేవారు. అంతమందికీ వీపు చూపించి కూర్చున్నా ఎవరూ తప్పుపట్టని మనిషి డ్రైవరొక్కడే. నాకు ఆ సీటు కావాలి.

ఆడపిల్లనని నాన్న వద్దనలేదు. ఆయన అభ్యంతరం వేరు.

"నీకు నోరు లేదే గుంటా. ఘాట్లో నోరు లేనోళ్లు బండి నడపకూడదు" అనేవాడు.

దానికి ఆయన దగ్గర సాక్ష్యం కూడా ఉంది. అంతకు ముందు ఏడాది కాలేజీ నుంచి వేరేవాళ్ల జీపులో వస్తూ, మా ఊరు రాగానే "ఆపండి" అనలేక మూడు ఊళ్లు దాటిపోయాను. చివరికి ఎవరో బండి ఆపించుకుని దిగితే, నాకూ అక్కడే పనున్నట్టు ఆయన వెనకే దిగి, నడిచి వెనక్కొచ్చాను.

ఇంటర్ అయిపోయి, తర్వాత ఏం చదవాలో తేలక ఇంట్లో ఉన్న చలికాలంలో, విశాఖ పోర్టులో పనిచేసే చిన్నాన్న ఎక్కడో పాతది కొని ఒక వీడియోగేమ్ తెచ్చిచ్చాడు. అరచేతిలో పట్టే డబ్బా, రెండు పెన్సిల్ బ్యాటరీలు. అందులో ఉన్నది ఒకటే ఆట, చిన్న చిన్న బొమ్మకార్ల పందెం. ఎనిమిది కార్లు, వాటిలో జంతువులు. తెర మీది అక్షరాలు చైనావో జపానువో తెలియదు. పకోడీల పొట్లం కాగితం కూడా వదలకుండా చదివే నేను, చదవలేని వస్తువుని చేతిలో పట్టుకుని కూర్చోవడం అదే మొదలు. దాని తెరకి వెలుగు లేదు. పొద్దున్న పది దాటి, మంచు విడిచి, ఎండ పెరట్లోకి దిగితేగాని ఏ కారు ఎక్కడుందో కనబడేది కాదు.

నాన్న రెండు రోజులు నా భుజం మీంచి చూశాడు. మూడో రోజు పక్కన కూర్చున్నాడు.

"ఆ కుందేలేటి, మలుపులో దాటేత్తంది? లైసెన్సుందేటి దానికి?"

"పందెం నాన్నా."

"పందెమైతే? అవతలోడు కనబడకుండా ఎలా దాటతాదే?"

అప్పుడే ఆయనకి ఆలోచన వచ్చింది. ఈ ఆటలో మూడు చుట్లూ ఘాట్ రోడ్డు పద్ధతిలో తిప్పి చూపిస్తే జీపు తాళం ఇస్తానన్నాడు. షరతులు నేను ఆ రోజే డైరీలో రాసుకున్నాను. మలుపులో ఎవరినీ దాటకూడదు. ఎక్కేవాడికి దిగేవాడు దారివ్వాలి. ఎవరినీ గుద్దకూడదు. ఆట మధ్యలో ఆపితే చక్రం కింద రాయి పెట్టినట్టు లెక్క గనక "రాయి పెట్టాను" అని చెప్పాలి. అన్నిటికంటే కష్టమైనది, ఆ డబ్బాకి హారన్ లేదు గనక, ప్రతి మలుపులోనూ నోటితో కొట్టాలి.

"గట్టిగా. కొండవతలకి ఇనపడాల" అన్నాడు.

మొదటి రోజు నా హారన్ నాకే వినబడలేదు. రెండో రోజు పెరట్లో రాజ్మా కాయలు వలుస్తున్న అమ్మ తలెత్తింది. "ఏటే, గొంతులో ఏటైనా అడ్డం పడిందేటి?" అంది. నాన్న మాత్రం తీర్పరిలా తల అడ్డంగా ఊపాడు. నా కారు ఎడమకి తిరిగితే ఆయన ఎడమకి ఒరిగేవాడు. వాలు వచ్చినప్పుడల్లా కుడికాలు నేలకేసి నొక్కేవాడు. ఆ కాలి కింద మట్టి గుంటపడింది. ఆట ప్రకారం మొదటి నలుగురిలో రాకపోతే తర్వాతి రోడ్డు తెరుచుకోదు. మేము ఒకే రోడ్డు మీద వారం రోజులు ఎనిమిదో స్థానంలో వచ్చాం. నేను గెలిస్తే ఆయన ఒప్పుకోడు, ఆయన చెప్పినట్టు నడిపితే ఆట ఒప్పుకోదు. నాకు కావలసింది ఆటలో లేదు కాబట్టి ఎనిమిదో స్థానంతో నాకు పేచీ లేదు.

పరీక్ష రోజు సంత లేదు, జీపు ఇంటిదగ్గరే ఉంది. మొదటి చుట్టు తప్పు లేకుండా తిప్పాను. మలుపు మలుపుకీ "పాం" అన్నాను. రెండో చుట్టులో దారి తప్పి ఆలస్యమైన ఎలుగుబంటి వెనక నుంచి వచ్చి నన్ను గుద్దింది. నేను పక్కకి జరిగి దారిచ్చాను. అది మళ్లీ గుద్దింది.

"సూడు, సూడు! దారిచ్చినా గుద్దుతన్నాడు! ఈడు డ్రైవరేటి?" నాన్న లేచి నిలబడ్డాడు.

మూడోసారి గుద్దేసరికి నా కారు గడ్డిలో పడి గిర్రున తిరిగింది.

"ఒగ్గకే ఆణ్ని! గుద్దీ! నువ్వూ గుద్దీ!"

గుద్దాను. ఎలుగుబంటి కారుతో సహా రోడ్డు పక్కనున్న ఏట్లో పడింది. నాన్న రెండు చేతులూ పైకెత్తి అరిచాడు. "అదీ! అలగే మునగాల ఆడు!" పక్కనే కాయలు వలుస్తున్న అమ్మ ఉలిక్కిపడితే, ఒడిలోవి చెల్లాచెదురయ్యాయి. ఆ ఊపులో నేను పందికొక్కునీ, కుందేలునీ, మిగిలినవాళ్లనీ మలుపుల్లోనే దాటేసి నాలుగో స్థానంలో వచ్చాను. తెర మీద నక్షత్రాలు రాలాయి. కొత్త రోడ్డు తెరుచుకుంది.

నాన్న మెల్లగా కూర్చున్నాడు. భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

"ఫెయిలు" అన్నాడు.

"ఏటి?"

"మలుపులో దాటీసినావు. ఒకణ్ని ఏట్లోకి తోసీసినావు. ఇలాటోళ్లకి బండిస్తే జనం బతుకుతారేటి?"

నా లోపల ఏం తెగిందో ఇప్పటికీ తెలియదు. పద్దెనిమిదేళ్లుగా దాచుకున్నదంతా ఒక్కసారే పైకొచ్చింది. "నువ్వే కదా గుద్దీమన్నావు! నువ్వు పక్కన కూసోని అరిత్తే నానేటి సెయ్యాల? వారం రోజులు నీ మాటిని ఎనిమిదోదాన్నే అయ్యాను. గొంతు పోయేట్టు పాం పాం అన్నాను. ఇప్పుడు నీ మాటింటే ఫెయిలంటావేటి? నువ్వే ఫెయిలు! నీకే లైసెన్సు పీకీయాల!"

పక్క మడిలో పనిచేస్తున్న ఇద్దరు నడుము ఎత్తి చూశారు. వాళ్లలో ఒకరు మమ్మల్నే చూస్తూ, "ఎవులే ఆ అరుత్తన్నది? ఆ ఇంట్లో మూగ గుంట కదా ఉంతాది?" అనడం స్పష్టంగా వినబడింది.

అమ్మ కాయలు ఏరుకుంటూ, "గుంట సెప్పింది నిజిమే. ముందు నిన్ను దించీయాల" అంది నాన్నతో.

నాన్న నా వైపు తిరిగాడు. కోపం కాదు. కొత్త బండి ఇంజను మొదటిసారి విన్నప్పుడు ఆయన మొహం అలా ఉండేది. జేబులోంచి తాళం తీసి, నా పక్కనున్న డైరీ మీద పెట్టి, వెళ్లి జీపులో ఎడమవైపు సీట్లో కూర్చున్నాడు.

నాలుగుసార్లు ఇంజను ఆగిపోయింది. అయిదోసారి ఊగుతూ బండి రోడ్డెక్కింది. అంతలో వెనక ఎవరో ఎక్కిన చప్పుడు. గుమ్మడికాయల గంపతో ఒక ముసలమ్మ.

"ఎల్తాదా?" అని అడిగింది.

నాన్న నోరు తెరిచేలోపే, "ఎల్తాది, కూసో" అన్నాను.

మొదటి గేర్లో బోరింగు దాకా తీసుకెళ్లాను. మా ఇంటి నుంచి అది వంద అడుగులు కూడా ఉండదు. ముసలమ్మ గంప దించుకుని, నా వైపూ నాన్న వైపూ మార్చి మార్చి చూసింది.

"నడిసెల్లినా బేగే ఎల్లుదును" అంది.