ఇన్సులిన్ నిండుకునింది

పోయిన వారం ఎలక్ట్రిక్ ట్రైన్లో తిరువళ్ళూరు ఆఫీసుకు పోతుంటే ఫోన్ వచ్చింది. తిరుత్తణి పక్కన ఒక ప్రభుత్వాసుపత్రిలో మందులిచ్చే అక్క గుండెపోటుతో పోయిందట. నాకు ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఎందుకో చెప్పకుండా ఆమెను తలచుకునే అర్హత నాకు లేదు.

నేను జిల్లా మందుల గోదాములో ఉద్యోగిని. ఏ ఆసుపత్రికి ఏ మందు ఎంత పంపాలో కంప్యూటర్లో కొట్టేది నేనే. అక్కది నేతపనివాళ్ళ ఇల్లు. చీటీ అందుకోగానే "తిన్నావా?" అని అడిగేది, మందు ఆ తర్వాతే. చదువు రానివాళ్ళ కోసం కవరు మీద పొద్దుటికి సూర్యుణ్ణి, రాత్రికి చంద్రుణ్ణి పెన్నుతో గీసేది. ఆ సూర్యుడికి ఒక్కోసారి మీసాలు కూడా ఉండేవి. మందు అయిపోతే మాత్రం "లేదు" అని ఆమె నోట వచ్చేది కాదు.

"బియ్యాన్నీ మందునీ లేదనకూడదప్పా" అనేది.

ఒకరోజు ఫోన్ చేసి, "తమ్ముడా, ఇన్సులిన్ నిండుకునింది. నువ్వే చూసుకో" అంది.

నా చదువంతా తమిళం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం గానీ, అయిపోయిందనడానికి అలా అంటారని నాకు తెలియదు. నిండా ఉందనుకున్నాను. వాడకం లెక్కలు ఎక్కించడం ఆలస్యమై కంప్యూటరూ నిల్వ ఉన్నట్టే చూపించింది. మిగులు ఉన్నచోట ఆపి కొరత ఉన్నచోటికి మళ్ళించమని అప్పుడే సర్క్యులర్ వచ్చింది. వాళ్ళ వాటాను ఇంకో ఆసుపత్రికి పంపేసి, మంచి పని చేశాననుకున్నాను.

వారం తర్వాత ఆమె మళ్ళీ ఫోన్ చేస్తే తప్పు తెలిసింది. అప్పటికి గోదాములోనూ ఇన్సులిన్ లేదు. కొత్త సరుకు రావడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. వచ్చినవాళ్ళంతా మందుల కిటికీ దగ్గర అక్కనే తిట్టారు. నేతపని చేసే ఒక పెద్దాయనకు కాలిపుండు ముదిరి బొటనవేలు తీసేశారు.

ముందుగా ఎందుకు అడగలేదని మెమో కూడా ఆమెకే పోయింది. సరిగ్గా అడగలేదని తప్పు ఒప్పుకుని రాసిచ్చేసింది.

"అరవంలో 'తీందుపోచ్చు' అనుంటే సరిపోయుండు. తప్పు నాదేలే తమ్ముడా" అంది నాతో.

పై అధికారి గది నా బల్లకు పది అడుగుల దూరం. లేచి వెళ్ళి నిజం చెప్పలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను.

పోయినేటి వాడకాన్ని బట్టే కొత్త వాటా అన్నది నిబంధన. ఆ మూడు వారాల వాడకం సున్నా కాబట్టి మరుసటి ఏడు వాళ్ళ ఇన్సులిన్ తగ్గింది. తగ్గించి కొట్టిందీ నేనే.

"లేని మందు ఎట్ట వాడతారప్పా?" అని అడిగింది. ఆమె నోట "లేని" అనే మాట నేను విన్నది ఆ ఒక్కసారే.

"రూల్ అక్కా" అన్నాను. తలచుకుంటే ఇప్పటికీ తలెత్తలేను.

అక్క పోయిన మూడో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె పటం ముందు దీపం వెలుగుతోంది. గోడకు ఆనుకుని, వేలు లేని కాలు చాపుకుని ఆ పెద్దాయన కూర్చున్నాడు. నేనెవరో ఆయనకు తెలియదు.

అక్క వాళ్ళమ్మ ప్రమిదలోకి తొంగిచూసి, "నూనె నిండుకునింది" అంది.

ఎవరూ కదలకముందే లేచి సీసా అందుకున్నాను. ప్రమిద అంచు దాటి నూనె కింది పళ్ళెంలోకి పొర్లింది. అయినా వంచుతూనే ఉన్నాను.

"చాలు నాయినా, నిండింది" అన్నాడు పెద్దాయన.